మునక్కాయ నుంచి మధుమేహం దాకా: మగవారి కోరికా, మన తిండీ

1944 నవంబరులో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో, ఫుట్‌బాల్ స్టేడియం కింది గదుల్లోకి 36 మంది యువకులు బస మార్చారు. అందరూ నిక్షేపంగా ఉన్నవాళ్లే. యుద్ధం చెయ్యడానికి మనస్సాక్షి ఒప్పుకోక, సైన్యంలో చేరడానికి బదులు ఈ పరీక్షకు ఒప్పుకున్నవాళ్లు. యూరప్‌లో ఆకలికి మాడినవాళ్లకు మళ్లీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడానికి ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త తలపెట్టిన పరీక్ష అది. 1945 ఫిబ్రవరి నుంచి 24 వారాల పాటు వాళ్లకు రోజుకు దాదాపు 1,570 కేలరీలే పెట్టారు. అంతకుముందు తిన్నదాంట్లో అది సగం. బంగాళదుంపలు, రొట్టె, క్యాబేజీ, అదే తిండి మళ్లీ మళ్లీ. జులై ఆఖరుకు ఒక్కొక్కరి బరువులో దాదాపు నాలుగో వంతు కరిగిపోయింది. దానితో పాటే ఆడవాళ్ల మీద ధ్యాస కూడా పోయింది. పెళ్లి చేసుకుందామనుకున్న అమ్మాయిలకు దూరమైనవాళ్లున్నారు. ఆ వయసు కుర్రాళ్లు మంచాల మీద పడుకుని వంటల పుస్తకాలు చదివేవారు. కలల్లోనూ తిండే. పరీక్ష ముగిసి కడుపునిండా తినడం మొదలుపెట్టాక కూడా కోరిక తిరిగి రావడానికి నెలలు పట్టింది.

తిండికీ మగవారి కోరికకూ సంబంధం ఉందా అంటే ఉందని చెప్పడానికి ఇంతకంటే బలమైన రుజువు నాకు తెలిసి లేదు. అయితే అది మనం సాధారణంగా వెతికే సంబంధం కాదు. మెదడులో హైపోథాలమస్ అనే చోటు నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి వృషణాలకు ఒక సంకేతం అందుతుంటుంది. అది అందినంత కాలం వృషణాల్లోని లేడిగ్ కణాలు కొలెస్ట్రాల్‌ను ముడిసరుకుగా వాడుకుని టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోనును తయారుచేస్తుంటాయి. తిండి కరువైతే ఒళ్లు ముందు ప్రాణం నిలుపుకునే పనిలో పడుతుంది. పిల్లల్ని కనే పని వాయిదా వేస్తుంది. పైనుంచి వచ్చే సంకేతమే తగ్గిపోతుంది. మినెసోటా యువకుల్లో ఏ ఒక్క పదార్థమో తక్కువై కోరిక పోలేదు. మొత్తం తిండి చాలక పోయింది.

మన దగ్గర వినిపించే ప్రశ్న వేరు. ‘ఏం తింటే పెరుగుతుంది?’ విజయవాడ డాక్టర్ జి. సమరం గారు స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి నడిపిన ప్రశ్నోత్తరాల శీర్షిక గుర్తున్నవారికి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. ఇంట్లో భార్యతో అనలేక, స్నేహితుడితో నోరు విప్పలేక, ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడి, చివరికి తిండిని ఆశ్రయించేవాళ్లు లక్షల్లో ఉన్నారు. నిద్రలో వీర్యం పోతోందని, దాంతో ఒంట్లో సత్తువంతా పోతోందని బెంగపడి బాదంపాలు, కోడిగుడ్లు లెక్కపెట్టుకుని తినే కుర్రాళ్లూ ఉన్నారు. ఆ బెంగకు ధాతు సిండ్రోమ్ అని 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ పేరు పెట్టారు. నిద్రలో వీర్యం పోవడం జబ్బే కాదు. బెంగ మాత్రం మనిషిని నిజంగానే కుంగదీస్తుంది.

ఏ తిండి ఏం చేస్తుందో చూసే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. కోరిక కలగడం ఒకటి. అంగం గట్టిపడటం ఇంకొకటి. పిల్లలు పుట్టడానికి తగిన శుక్రకణాలు ఉండటం మూడోది. మన మాటల్లో ఈ మూడూ ‘మగతనం’ అనే ఒకే మూటలో పడిపోతాయి. నిజానికి వీటి దారులు వేరు. కోరికలో మెదడుకు, హార్మోన్లకు పెద్ద పాలు ఉంది. గట్టిపడటంలో రక్తనాళాలది, నరాలది. శుక్రకణాల దారి ఈ రెండింటికీ వేరనడానికి పత్తి గింజల సంగతి చూడండి. చైనాలోని జియాంగ్సు ప్రాంతంలో శుద్ధి చెయ్యని పత్తి గింజల నూనె వాడిన పల్లెల్లో పిల్లలు పుట్టడం ఆగిపోయిందని 1950లలో గమనించారు. అందులోని గాసిపోల్ అనే పదార్థం శుక్రకణాలను దెబ్బతీస్తుందని తేలింది. 1970లలో అక్కడి ప్రభుత్వం వేలమంది మగవాళ్లకు దాన్ని గర్భనిరోధక మాత్రగా ఇచ్చి చూసింది. శుక్రకణాలు అడుగంటినా ఎక్కువమంది దాంపత్యం మామూలుగానే సాగింది. (మన దుకాణాల్లో దొరికే శుద్ధి చేసిన పత్తి గింజల నూనెలో గాసిపోల్ తీసేస్తారు కాబట్టి గుంటూరు, వరంగల్ వైపు వాళ్లు గాభరా పడనక్కర్లేదు.) ఏ పరిశోధన గురించి పేపర్లో చదివినా, ఈ మూడింట్లో అది దేని గురించి చెబుతోందో ముందు చూసుకోవాలి. శుక్రకణాల సంఖ్య పెరిగిందన్న వార్తను కోరిక పెరుగుతుందని చదువుకుని కొన్న పొడి డబ్బాలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో!

నమ్మకాలకు మన దగ్గర లోటు లేదు. వాటిలో కొన్నింటికి చాలా పాత పునాది ఉంది. ఆయుర్వేదానికున్న ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. చరక సంహిత చికిత్సా స్థానంలో రెండో అధ్యాయమంతా దాని గురించే. పాలు, నెయ్యి, మినుములు, తేనె, బెల్లం, మాంస రసాలు అక్కడ పదేపదే కనిపిస్తాయి. కొత్త అల్లుడికి సున్నుండలు చేసిపెట్టే మన ఇళ్ల ఆచారం ఆ దారిలోదే. వేయించిన మినుముల పిండి, బెల్లం, చేతికి అంటుకునేంత నెయ్యి. బలమైన తిండే, సందేహం లేదు. ఆ అధ్యాయంలో మన చెవికి అంతగా ఎక్కని మాటలు ఇంకో రెండున్నాయి. వాజీకరణాలన్నిట్లోకీ ముందుండేది మనసుకు నచ్చిన స్త్రీయేనని అందులో ఉంది. ముసలితనం, చింత, జబ్బులు, ఒళ్లు అలిసే చాకిరీ, తిండి తినకపోవడం, అతి సంభోగం, ఇవన్నీ వీర్యాన్ని క్షీణింపజేస్తాయనీ ఉంది. చింత, జబ్బు, పస్తు! ఈనాటి డాక్టరు రాసే జాబితాకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూస్తే నాకు ఆశ్చర్యం. మనం మాత్రం ఆ గ్రంథంలోంచి మినుములు ఏరుకున్నాం, చింతను వదిలేశాం.

కోరికను పెంచుతుందని మునక్కాయ పేరు ఇంతగా మోగిపోవడానికి సినిమా కూడా ఒక కారణం. 1983లో తమిళంలో భాగ్యరాజ్ తీసిన ముందానై ముడిచ్చుతో మునక్కాయ దక్షిణాదంతటా నవ్వుల సరుకైంది. అదే ఏడాది జంధ్యాల ఆ కథను మూడు ముళ్ళుగా తెలుగులో తీశారు. మునగ నిజంగా మంచి తిండి. ఆకులో అయితే ఇనుము, కాల్షియం, విటమిన్లు పుష్కలం. మగవారి కోరిక మీద దాని ప్రభావమని చెప్పేవి మాత్రం దాదాపు అన్నీ ఎలుకల మీద, అదీ గాఢమైన ఆకు రసంతో చేసిన పరీక్షలు. సాంబారులో రెండు ముక్కలు తిన్న మనిషికి ఆ లెక్క వర్తించదు. ఉల్లి, వెల్లుల్లి సంగతీ అంతే. సన్యాసులకు, విధవలకు వాటిని నిషేధించిన ఆచారం అవి కోరికను రగిలిస్తాయన్న నమ్మకంతోనే. కానీ మనుషుల మీద చేసిన గట్టి పరీక్షలు దాన్ని నిలబెట్టలేదు. ఆ నమ్మకం పేరుతో ఎందరో ఆడవాళ్లు జీవితాంతం చప్పిడి కూడు తిన్నారు. అది తలుచుకుంటే బాధ కలుగుతుంది.

కోరికను తిండితో అణచవచ్చని నమ్మినవాళ్లు మనదేశంలోనే కాదు, అన్ని చోట్లా ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో సిల్వెస్టర్ గ్రాహం అనే ప్రచారకుడు మాంసం, మసాలాలు కామాన్ని రేపుతాయని, పొట్టుతీయని గోధుమ రొట్టె తింటే అది శాంతిస్తుందని ఊరూరా చెప్పాడు. గాంధీజీ బ్రహ్మచర్యానికి పాలు అడ్డమని తలచి, 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫార్మ్‌లో మిత్రుడు కాలెన్‌బాక్‌తో కలిసి పాలు మానేశారు. తర్వాత జబ్బుపడి మేకపాలకు ఒప్పుకోవలసి వచ్చింది. పాలు కోరికను పెంచుతాయనీ తగ్గిస్తాయనీ చెప్పే నమ్మదగిన పరీక్ష ఏదీ లేదు.

ఈ నమ్మకాల్లో ఒకటి మాత్రం నవ్వి ఊరుకునేది కాదు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో గాడిద మాంసం తింటే మగతనం పెరుగుతుందన్న నమ్మకం పాతుకుపోయింది. దానికోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా గాడిదలను తెచ్చి కోస్తున్నారు. ఆహార భద్రతా నిబంధనల్లో మాంసం కోసం కోయదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు. కాబట్టి ఈ వ్యాపారం చట్టవిరుద్ధం. 2012లో దేశంలో 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణనకు 1.2 లక్షలకు పడిపోయాయి. బరువులు మోసే పని తగ్గడం, తోలు కోసం దొంగ రవాణా కూడా దానికి కారణాలే. గాడిద మాంసం కోరికను పెంచుతుందనడానికి ఒక్క ఆధారం లేదు. తనిఖీ లేకుండా, దొంగచాటుగా కోసిన మాంసంతో రోగాలు రావడానికి మాత్రం ఆస్కారం బాగా ఉంది.

ఇక ఆధారాలున్న వైపు వద్దాం. ఇందులో అన్నిటికంటే గొప్ప కథ జింక్‌ది. బిహార్‌లోని బక్సర్‌లో పుట్టి, పట్నాలో వైద్యం చదివి, మినెసోటాలో పరిశోధన చేసిన ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌కు వెళ్లారు. అక్కడ ఒక రోగిని చూపించారు. వయసు 21. చూడటానికి పదేళ్ల పిల్లవాడు. మీసం గడ్డం రాలేదు, జననాంగాలు ఎదగలేదు, తీవ్రమైన రక్తహీనత. తినేది పొంగించని గోధుమ రొట్టె ఒక్కటే. మాంసం లేదు, పాలు లేవు. పైగా మట్టి తినే అలవాటు. అలాంటివాళ్లు ఆ ప్రాంతంలో ఇంకా ఉన్నారు. ఇనుము లోపంతో రక్తహీనత అర్థమవుతోంది గానీ, ఎదుగుదల ఎందుకు ఆగింది? ప్రసాద్‌కు జింక్ మీద అనుమానం వచ్చింది. తర్వాత ఈజిప్టులో అలాంటి యువకులనే పరీక్షించి, జింక్ లోపమేనని తేల్చారు. జింక్ ఇవ్వగానే వాళ్లు పొడుగయ్యారు. యవ్వన లక్షణాలు మొదలయ్యాయి. అంతవరకు మనిషికి జింక్ లోపం రావడమే అసాధ్యమని వైద్యలోకం నమ్మేది. 1996లో ఆయనే ఇంకో చిన్న పరీక్ష చేశారు. ఆరోగ్యవంతులైన యువకులకు 20 వారాలు జింక్ తగ్గించిన తిండి పెడితే, వాళ్ల టెస్టోస్టెరాన్ లీటరుకు 39.9 నానోమోల్స్ నుంచి 10.6కు, అంటే దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. లోటుతో ఉన్న వృద్ధులకు జింక్ ఇస్తే 8.3 నుంచి 16కు పెరిగింది.

షిరాజ్ యువకుడు తిన్న రొట్టెలో జింక్ లేకపోలేదు. ధాన్యపు పొట్టులో ఉండే ఫైటేట్ దాన్ని పట్టుకుని ఒంటికి పట్టనివ్వలేదు. మన ఇళ్లలో ఆ చిక్కుకు పాత పరిష్కారం ఉంది. రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగి, పుల్లటి వాసన వేస్తూ గిన్నె అంచు దాటుతుంటుంది. ఆ పులియడంలోనే ఫైటేట్ కొంత విరిగిపోతుంది. పెసలు మొలకెత్తించినా అంతే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాముల జింక్ అవసరమని నిర్ణయించింది. మాంసం, కాలేయం, గుడ్లు, పప్పులు, నువ్వులు, గుమ్మడి గింజలు, జీడిపప్పు, వీటిలో అది దొరుకుతుంది. అయితే ప్రసాద్ చూసినది లోటున్నవాళ్లలో. లోటు లేని మనిషి జింక్ మాత్రలు మింగితే కోరిక పెరగదు. అతిగా మింగితే ఒంట్లో రాగి తగ్గిపోయి కొత్త జబ్బు వస్తుంది.

విటమిన్ డి కథ కూడా ఇలాగే నడిచింది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో 2011లో ఒక చిన్న పరీక్షలో అది టెస్టోస్టెరాన్‌ను పెంచినట్టు కనిపించింది. అదే ఊళ్లో 2017లో, టెస్టోస్టెరాన్ మామూలుగా ఉన్న దాదాపు వందమంది మగవాళ్లకు ఇచ్చి చూస్తే ఏ తేడా లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈనాటి తెలుగు మగవాడికి షిరాజ్ యువకుడి లోటు కంటే ఎక్కువ తినడం వల్ల వచ్చే చిక్కే ఎక్కువ. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: కోరిక గురించి అడిగేవాళ్లు మునక్కాయ గురించి కాక పొట్ట గురించి అడగాలి. కడుపు చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదు. అందులోని ఆరోమటేజ్ అనే ఎంజైము టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఆ ఈస్ట్రోజెన్ మెదడుకు ‘ఇక చాలు’ అన్న కబురు పంపి, పైనుంచి వచ్చే సంకేతాన్ని ఇంకా తగ్గిస్తుంది. పొట్ట పెరిగిన కొద్దీ టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. అది తగ్గిన కొద్దీ కండ కరిగి కొవ్వు చేరుతుంది. ఈ చక్రం వెనక్కి తిరుగుతుందనడానికి రుజువులున్నాయి. బరువు తగ్గినవాళ్లలో టెస్టోస్టెరాన్ పెరుగుతుందని, ఎంత తగ్గితే అంత పెరుగుతుందని ఎన్నో పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది.

పటుత్వం, అంటే అంగం గట్టిపడటం సంగతి ఇంకా స్పష్టం. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తం ఇచ్చేవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఒంట్లో నాళాలన్నీ ఒకేలా పూడుకుపోతున్నప్పుడు సన్న గొట్టంలోనే నీళ్లు ముందు ఆగుతాయి. అందుకే చాలామందిలో పటుత్వం తగ్గడం గుండెపోటుకు కొన్నేళ్ల ముందే కనిపిస్తుంది. నలభై అయిదేళ్ల మనిషి ఈ సంగతి దాచుకుని పొడి కొనుక్కుంటే, పోయేది డబ్బొక్కటే కాదు. గుండెను కాపాడుకునే అవకాశం కూడా పోతుంది. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఇటలీలోని నేపుల్స్‌లో క్యాథరిన్ ఎస్పొసిటో బృందం 2004లో ప్రచురించిన పరీక్ష ఈ రంగంలో ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేది. 35 నుంచి 55 ఏళ్ల మధ్య ఉన్న 110 మంది స్థూలకాయులు. అందరికీ పటుత్వ లోపం ఉంది, షుగరు లేదు. సగంమందికి ఏం తినాలో ఎంత నడవాలో దగ్గరుండి నేర్పించారు. మిగతా సగానికి మామూలు సలహాలు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత మొదటి జట్టులో 17 మందికి పటుత్వం మామూలు స్థాయికి వచ్చింది. రెండో జట్టులో ముగ్గురికే. మాత్ర లేదు, మూలిక లేదు. అమెరికాలో 21 వేల పైచిలుకు మగ ఆరోగ్య ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2020లో వచ్చింది. అందులో మధ్యధరా ప్రాంతపు తిండి తీరును బాగా పాటించిన అరవైలోపు వాళ్లకు పటుత్వ లోపం 22 శాతం తక్కువగా వచ్చింది. కూరగాయలు, పళ్లు, పప్పుధాన్యాలు, గింజలు, చేపలు ఎక్కువ, ఎర్ర మాంసం తక్కువ, ఇదీ ఆ తీరు. తిండి బాగా తినేవాళ్లు ఇతరత్రా కూడా జాగ్రత్తగా ఉంటారు కాబట్టి ఇలాంటి గమనింపుల్ని నేపుల్స్ పరీక్షతో సమానంగా తూచకూడదు. రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయన్నది మాత్రం నిజం.

పప్పు, ఆకుకూర, చేపల పులుసు, పెరుగు మనకూ ఉన్నాయి. చిక్కంతా పళ్లెంలో అన్నం కొండలా ఉండి, కూర అంచున చేరడంతో. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదని చెప్పింది. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది. దాని ఫలితం షుగరు లెక్కల్లో కనిపిస్తూనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్ల పైనే. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే షుగరున్న మగవాళ్లలో సగానికి పైగా ఏదో ఒక స్థాయిలో పటుత్వ లోపం ఉంది. షుగరు నాళాలనూ నరాలనూ రెండింటినీ తినేస్తుంది. ఇంకో వివరం: షుగరు పరీక్ష కోసం ఇచ్చే 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి 74 మంది మగవాళ్ల రక్తాన్ని పరీక్షిస్తే, టెస్టోస్టెరాన్ సగటున 25 శాతం తగ్గింది. షుగరు లేనివాళ్లలోనూ తగ్గింది. అది కాసేపటి తగ్గుదలే. అయినా రాత్రి పదింటికి బిర్యానీ, దాని మీద కూల్‌డ్రింకు, ఆపైన స్వీటు తిని పడక చేరేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

అలాగని కొవ్వు పూర్తిగా మానెయ్యడం కూడా పొరపాటే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకప్పుడు నూనె చుక్క లేని వంటలు, తర్వాత కొబ్బరినూనె గ్లాసుల్లో తాగే పద్ధతి, అలలు అలలుగా వచ్చాయి. 2021లో ఆరు పరీక్షల్ని కలిపి 206 మంది మగవాళ్ల లెక్కలు చూసినప్పుడు, కేలరీల్లో 40 శాతం కొవ్వు నుంచి వచ్చే తిండికి బదులు 20 శాతమే ఉన్న తిండి తిన్నప్పుడు టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. చిన్న పరీక్షలే, కానీ దిశ ఒకటే. వేరుశనగ నూనెతో పోపు పెట్టిన పప్పు మీద ఒక చెంచా నెయ్యి వేసుకున్నంత మాత్రాన ఎవరికీ పాపం తగలదు.

కోరికను తగ్గిస్తుందని పేరుపడ్డ తిండ్లలో సోయాతో చేసే మీల్‌మేకర్‌దే ఈమధ్య ముందు వరస. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలున్న మాట నిజమే. 2011లో వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసులో, సోయా మీదే బతుకుతున్న 19 ఏళ్ల శాకాహారి యువకుడికి కోరిక పోయింది, పటుత్వం పోయింది. సోయా మానేశాక తిరిగి వచ్చాయి. అయితే పదుల కొద్దీ పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు, మామూలు మోతాదులో సోయా తిన్న మగవాళ్లలో టెస్టోస్టెరాన్ మారలేదని తేల్చాయి. వారానికి రెండుసార్లు మీల్‌మేకర్ కూర తినేవాళ్లు భయపడనక్కర్లేదు. పుదీనా సంగతి టర్కీలోని ఇస్పార్తా నుంచి వచ్చింది. పుదీనా టీ తాగే అక్కడి మగవాళ్లు కోరిక తగ్గిందని చెప్పుకుంటే వైద్యులు పరీక్షలు మొదలుపెట్టారు. అవాంఛిత రోమాలున్న ఆడవాళ్లకు ఆ టీ ఇస్తే టెస్టోస్టెరాన్ తగ్గింది. మన పుదీనా పచ్చడి ఆ మోతాదుకు రాదు. కాస్త జాగ్రత్తపడాల్సింది అతిమధురంతో. దగ్గుకని, గొంతుకని రోజూ నమిలేవాళ్లున్నారు. 1999లో ఇటలీలో ఏడుగురు మగవాళ్లకు రోజుకు ఏడు గ్రాముల చొప్పున ఇస్తే వారంలోనే టెస్టోస్టెరాన్ బాగా పడిపోయింది. తర్వాత వేరేవాళ్లు చేసినప్పుడు అంత తగ్గుదల కనిపించలేదు. ఏమైనా అతిమధురం బీపీని పెంచడం ఖాయం కాబట్టి రోజువారీ అలవాటుగా అది పనికిరాదు.

పెంచుతాయన్న వాటిలో కాస్త బరువున్నది గింజల పరీక్ష. స్పెయిన్‌లో ఆరోగ్యవంతులైన 83 మంది మగవాళ్లలో కొందరికి 14 వారాలు రోజుకు 60 గ్రాముల అక్రోట్లు, బాదం, హేజెల్ గింజలు ఇచ్చారు. వాళ్లలో కోరిక, భావప్రాప్తి మెరుగుపడ్డాయని వాళ్లే చెప్పారు. ఏం తింటున్నారో వాళ్లకు తెలుసు కాబట్టి ఆ మాటలో కొంత నమ్మకం పాలు ఉండవచ్చు. పుచ్చకాయలో సిట్రులిన్ అనే పదార్థం ఉంది. అది ఒంట్లో నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి పనికొస్తుంది. 2011లో కొద్దిపాటి పటుత్వ లోపమున్న 24 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల సిట్రులిన్ మాత్రలు ఇస్తే 12 మందికి మేలు కనిపించింది. ఉత్తుత్తి మాత్రతో ఇద్దరికే. అంత సిట్రులిన్ పండు నుంచే రావాలంటే అరకిలో నుంచి కిలో దాకా తినాలి. షుగరున్నవాళ్లకు అది కుదిరే పని కాదు.

మెంతుల గాఢసారం ఆరువారాలు వాడిన మగవాళ్లలో కోరిక పెరిగినట్టు 2011లో ఆస్ట్రేలియా పరీక్ష ఒకటి చెప్పింది. టెస్టోస్టెరాన్ మాత్రం మారలేదు. అశ్వగంధతో దీనికి తిరగబడిన ఫలితం వచ్చింది. 2019లో 40 నుంచి 70 ఏళ్ల మధ్య, కాస్త బరువెక్కువున్న మగవాళ్ల మీద చేసిన పరీక్షలో టెస్టోస్టెరాన్ దాదాపు 15 శాతం పెరిగింది గానీ లైంగిక తృప్తిలో తేడా లేదు. హార్మోను అంకె, మనిషి అనుభవం ఎప్పుడూ జంటగా నడవవని ఈ రెండూ కలిపి చూస్తే అర్థమవుతుంది. యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న మూడు వేల పైచిలుకు మగవాళ్లను పరీక్షించిన పెద్ద అధ్యయనంలో, టెస్టోస్టెరాన్ తక్కువగా ఉండి లైంగిక లక్షణాలూ కలిసి ఉన్నవాళ్లు నూటికి ఇద్దరే. ‘నాకు హార్మోను తగ్గింది’ అని తమకు తామే తీర్పు చెప్పుకునేవాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక బల్గేరియా బరువులెత్తే వీరులతో పేరొచ్చిన పల్లేరు కాయలు ఆ దేశంలోనే, 2005లో, యువకుల మీద చేసిన పరీక్షలో టెస్టోస్టెరాన్‌ను కదిలించలేదు.

మందు సంగతి వేరే చెప్పాలి. ఒక పెగ్గు సిగ్గు పోగొడుతుందేమో గానీ, మోతాదు పెరిగిన కొద్దీ నరాలు మొద్దుబారి పటుత్వం దెబ్బతింటుంది. ఏళ్ల తరబడి తాగితే వృషణాలూ కాలేయమూ రెండూ పాడవుతాయి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం వంటి నిద్రమందులు కలుపుతున్నారని ఎక్సైజ్ దాడుల్లో పదేపదే బయటపడుతూనే ఉంది. కల్లు కాంపౌండుకు రోజూ వెళ్లే మనిషి కోరిక తగ్గిందని అంటే, దానికి ఆ మత్తుమందూ కారణం కావచ్చు. నిద్ర లేకపోవడమూ అంతే చేటు. షికాగోలో 10 మంది యువకుల్ని వారం పాటు రాత్రికి అయిదు గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. రాత్రి షిఫ్టుల్లో అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ కుర్రాళ్లకు బాదం కంటే ముందు నిద్ర కావాలి.

బస్టాండు గోడల మీద, ఫోను తెరల మీద ‘మూలికా రహస్యం’ అంటూ అమ్మే పొడుల గురించి ఒక్క మాట సూటిగా. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2007 నుంచి 2016 వరకు పట్టుకున్న 776 కల్తీ సప్లిమెంట్లలో 353 ఇలాంటి లైంగిక శక్తి మందులే. చాలావాటిలో చీటీ మీద చెప్పకుండా, పటుత్వ లోపానికి డాక్టర్లు రాసే సిల్డెనాఫిల్ అనే మందు కలిపారు. పొడి ‘పనిచేసింది’ అంటే కారణం చాలాసార్లు అదే. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషి తెలియకుండా దాన్ని మింగితే బీపీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ప్రాణమే పోవచ్చు. భర్త దిండు కింద ఏ పొడి ఉందో భార్యకు తెలియదు, గుండె డాక్టరుకు అంతకంటే తెలియదు.

కాబట్టి కోరిక గానీ పటుత్వం గానీ కొన్ని నెలలుగా తగ్గిందనుకునేవాళ్లు మొదట వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. బీపీ, నడుము కొలత, పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్, వీటితో పాటు ఉదయం పది లోపు తీసిన రక్తంలో టెస్టోస్టెరాన్. అది తక్కువొస్తే ఇంకోరోజు ఉదయం మళ్లీ పరీక్ష, ప్రొలాక్టిన్ అనే హార్మోను పరీక్ష కూడా. వాడుతున్న మందుల చీటీ తప్పకుండా తీసుకెళ్లాలి. కొన్ని బీపీ మాత్రలు, చాలావరకు డిప్రెషన్ మాత్రలు, జుట్టు రాలకుండా వాడే ఫినాస్టరైడ్ కోరికను తగ్గించగలవు. వాటిలో చాలావాటికి ప్రత్యామ్నాయం ఉంటుంది. ‘ఈ మందు వల్లేనా, మార్చవచ్చా?’ అని అడగండి. ఎంత చిరాకుగా ఉన్నా మీ అంతట మీరు మాత్రం మానెయ్యకండి.